పెనుకొండ చూసేకి

మా బత్తలపల్లె ఆడవాళ్ళు బస్సెక్కారంటే ఏదో ఒక పని ఉండాలి. అనంతపురంలో కూతురి కాన్పు, కదిరి నరసింహస్వామి మొక్కు, ధర్మవరంలో పెళ్ళి చీర, కరువొస్తే బెంగళూరు వలస. ఊరికే ఒక ఊరు చూసొస్తామంటే ఇంట్లోవాళ్ళకు అంతుపట్టదు. మా సీమ పేదలకు సేవ చేసిన ఫెర్రర్ గారి సమాధి, ఆసుపత్రి చూడ్డానికి స్పెయిన్ నుంచి మనుషులు మా ఊరికి వస్తుంటారు. పక్కనున్న పెనుకొండను మాలో ఎంతమంది చూశారు?

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. వదినా నేనూ చిత్రాన్నం డబ్బా కట్టుకుని బయల్దేరాం. ధర్మవరంలో బస్సు మారాక, కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ కొడుతూ అడిగాడు.

"కియాలో పనికా అక్కా?"

"కాదప్పా, కోట సూసేకి."

"కోట సూసేకా!" అని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

అతని తప్పేం లేదు. 2019లో కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికొచ్చినప్పటి నుంచి పెనుకొండ అంటే కియానే. కానీ 1565లో తళ్ళికోట యుద్ధం దెబ్బకు హంపీ కూలిపోయాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చుకున్నాడు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే, 1354లో, బుక్కరాయలు ఈ సీమను కొడుకు వీరవిరూపణ్ణ చేతికి అప్పగించినట్టు కోట ఉత్తర ద్వారం శాసనం చెబుతోంది. కారున్నవాళ్ళు లేపాక్షి తొందరలో హైవే మీద నుంచే కొండను చూసి సాగిపోతారు. నడిచేవాళ్ళకే ఈ ఊరు దొరుకుతుంది.

రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కనే ఉన్నాయి. రాముడి గుడి గోడ వెంట నడుస్తుంటే, అరచేతి మేర బొమ్మల్లో రామాయణం, కృష్ణుడి కథ సాగుతుంటాయి. మా వదినకు చదువు రాదు. అయినా ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, ఇదెవరు, అదెవరు అని నాకే చెప్పింది. శాసనం ముందు నేను తడబడ్డాను, ఆమె మాత్రం బొమ్మల గోడను గడగడా చదివేసింది. జైనుల గుడిలో పార్శ్వనాథుడి వెనక పాము మెలికలు మెలికలుగా నిలబడి ఉంటుంది. ఆ నల్లరాతి నునుపు ముందు ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. గగన్ మహల్‌లో కమానులు సుల్తానుల తీరు, పైన శిఖరం గుడి తీరు. సుల్తానులతో యుద్ధాలు చేసిన రాజులు వాళ్ళ కట్టడపు సొగసును మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. బాబయ్య దర్గాలో అన్ని కులాలవాళ్ళూ చక్కెర చదివించుకుంటున్నారు. మేమూ చదివించుకున్నాం.

చార్జీ బాధ తీరింది కానీ, ఆడవాళ్ళ ప్రయాణానికి ఇంకో ఖర్చుంది. బయల్దేరే పూట మేం నీళ్ళు తాగం. మధ్యలో ఎక్కడికి పోవాలో తెలియదు కాబట్టి నోరెండినా సీసా మూత తియ్యం. మా అమ్మా అంతే, వదినా అంతే. చరిత్ర ఉన్న ప్రతి ఊళ్ళో శుభ్రమైన మరుగుదొడ్డి, కూర్చోను ఇంత నీడ, తెలుగులో ఒక మంచి బోర్డు పెడితే చాలు, మా వీధి వీధంతా కదులుతుంది. తాడిపత్రి గుళ్ళకు వస్తామని ఇప్పటికే నలుగురు అడిగారు.