పంటి బిగువు

ఆడవాళ్ళని "నోరు తెరవండి" అని మర్యాదగా అడిగేది ఈ లోకంలో పళ్ళ డాక్టర్లు మాత్రమే. పుట్టింది మొదలు మనం విన్నది "నోర్మూసుకో" అన్న మాటే. నోరు గల మనిషి, నోటి దురుసు, నోటికి అడ్డూ ఆపూ లేదు... మన నోటికున్నన్ని ఆంక్షలు మన కాళ్ళకి కూడా లేవేమో! అట్లాంటిది తెల్లకోటు వేసుకున్న మనిషి లైటు మన మొహం మీదకి తిప్పి, "ఇంకొంచెం, ఇంకా పెద్దగా" అని బతిమాలుతుంటే ముచ్చటేస్తుంది. తీరా అంతలా తెరిచాక అందులో ఒక అద్దం, ఒక కొక్కెం, ఉమ్మి లాగే గొట్టం, రెండు దూది ఉండలు పెట్టి, అప్పుడు అడుగుతారు, "మీరేం చేస్తుంటారు? పిల్లలెంతమంది?" అని. మనం "ఆఁ... ఊఁ..." అంటాం. వాళ్ళు అంతా అర్థమైనట్టు తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. అవకాశం ఇచ్చినట్టే ఇచ్చి మాట్లాడనివ్వకపోవడమనే ఈ విద్య, ఇద్దరు మహిళా సభ్యులుండే కమిటీల్లో కూడా చాలాసార్లు చూశాను.

మా వీధి చివర క్లినిక్ పెట్టిన డాక్టరమ్మకి ముప్ఫై ఏళ్ళుంటాయి. నా నోరంతా చూసి, "ఆంటీ, రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నారా?" అనడిగింది.

"నేనా? ఎవరి మీద?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి అద్దంలో చూపించింది. దవడ పళ్ళ మీద ఉండాల్సిన చిన్న చిన్న గుట్టలన్నీ అరిగి, రోకలి దెబ్బలు తిన్న రోలులా నున్నగా ఉన్నాయి. నిద్రలో తెలియకుండానే పళ్ళు కొరకడం, నూరడం చాలామందికి ఉంటుందట. కారణాలు రకరకాలు, అందులో మనసులోని ఒత్తిడి ఒకటి. పొద్దున్న లేవగానే దవడలు పట్టేసినట్టుండడం, కణతల దగ్గర నొప్పి దాని గుర్తులు. పంటిమీది ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. విరిగిన ఎముకైనా అతుక్కుంటుంది గానీ అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. అంత గట్టిదాన్నీ అరగదీయగలిగింది మన ఓర్పు!

తెలుగులో "పంటి బిగువున భరించడం" అనే మాట ఎవరు పుట్టించారో గానీ వాళ్ళు దంతవైద్యంలో ఆరితేరినవాళ్ళయుండాలి. పురిటి నొప్పులు పంటి బిగువున భరించింది, అత్త ఆరళ్ళు పంటి బిగువున భరించింది అని మెచ్చుకుంటాం. ఆ బిగువుకి పళ్ళు ఏమయ్యాయని ఎవరూ అడగరు. రాత్రి పళ్ళ మధ్య పెట్టుకోమని నాకు పారదర్శకంగా ఉండే ఒక ప్లాస్టిక్ తొడుగు చేయించి ఇచ్చింది డాక్టరమ్మ. మొదటిరోజు మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకీ ఎవరి మీద నూరుతున్నావు?" అన్నారు. "పేర్లు చదవమంటారా?" అన్నాను. అటుతిరిగి పడుకున్నారు.

మా అమ్మకి ఇలాంటి తొడుగులుంటాయని కూడా తెలియదు. ఆమెకు యాభై ఏళ్ళు వచ్చేసరికి దవడ పళ్ళు ఐదే మిగిలాయి. నాన్న నోట్లో మాత్రం ఆయన పోయేదాకా అన్ని పళ్ళూ ఉన్నాయి. కొన్నిటికి సిమెంటు, రెండిటికి రూట్ కెనాల్ చేసి తొడుగులు, ఒకటి బంగారుది. ఆయనకి పన్ను నొప్పి వస్తే ఇల్లంతా కాళ్ళమీద నిలబడేది. అన్నం మెత్తగా వండాలి, రేడియో ఆపాలి, మర్నాడు పొద్దున్న బస్సుకి విజయవాడ వెళ్ళాలి. అమ్మకి వస్తే పోపులపెట్టెలోంచి ఒక లవంగం తీసుకుని బుగ్గన పెట్టుకునేది. పని మాత్రం ఆగేది కాదు.

లవంగాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అందులోని యూజినాల్ నిజంగానే పంటి నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. దంతవైద్యులూ దాన్ని వాడతారు. అయితే పుచ్చు తన పని తాను చేసుకుపోతుంది. నాలుగు రోజులకి నొప్పి పూర్తిగా పోయిందనుకోండి, "చూశావా, దానంతటదే తగ్గిపోయింది" అనేది అమ్మ. ఇంతగా పుచ్చిన పన్ను అలా చల్లబడితే, సాధారణంగా అది నయమవడం కాదు, లోపలి నరం చచ్చిపోవడం. తర్వాత వేరు దగ్గర చీము పట్టి బుగ్గ బూరెలా పొంగేది. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు రెండు దారులు చెప్పేవాడు. నిలబెట్టాలంటే మూడు నాలుగుసార్లు రావాలి, ఖర్చవుతుంది. పీకాలంటే ఇప్పుడే పీకేస్తాను. "పీకెయ్యండి బాబూ, పొయ్యిమీద పప్పు పెట్టి వచ్చాను" అనేది అమ్మ. డబ్బొక్కటే కాదు, నాలుగు పూటలు ఎవరు వండుతారన్నది కూడా ఆ లెక్కలో ఉండేది. అలా నాన్నవి నిలబెట్టిన పళ్ళు, అమ్మవి పీకిన పళ్ళు. పీకిన చోట ఖాళీ ఉంటే పక్క పళ్ళు అటు ఒరుగుతాయి, ఎదురు పన్ను కిందికి దిగుతుంది, నమలడం కష్టమవుతుంది. జంతికలంటే ప్రాణమైన మా అమ్మ వాటిని పాలల్లో నానబెట్టుకుని తినేది.

మన భాషలో అంట్లూ తోముతాం, పళ్ళూ తోముతాం. మొదటి పని మటుకు రోజుకి మూడుసార్లు చేస్తాం. రాత్రి పదకొండింటికి చివరి గిన్నె తళతళలాడేలా తోమి బోర్లించి, తన పళ్ళు తోముకునే ఓపిక లేక మంచమెక్కే ఆడవాళ్ళు ఎంతమందో! పళ్ళకి అసలు ముఖ్యం ఆ రాత్రి పూటే. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పళ్ళ సందుల్లో మిగిలిన పిండీ తీపీ తిని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. వేపపుల్లా, కచ్చికా, నల్ల పళ్ళపొడీ పోయి రంగురంగుల పేస్టులు వచ్చినా, ఆ రెండు నిమిషాల తీరిక మాత్రం ఇంకా రాలేదు.

మా అమ్మమ్మ "కాన్పుకో పన్ను ఇచ్చుకున్నానే" అనేది. తెలుగులో పన్నంటే దంతమూ, సర్కారుకి కట్టే సుంకమూ కదా, ఆవిడ ఏ అర్థంలో అనేదో! బిడ్డకి కావలసిన కాల్షియం తల్లి పళ్ళలోంచి పోతుందనే నమ్మకం మాత్రం నిజం కాదు. తల్లి తినే తిండిలోంచీ, చాలకపోతే ఆమె ఎముకల్లోంచీ పోతుంది. మరి పళ్ళెందుకు పాడవుతాయంటే, హార్మోన్ల మార్పుతో చిగుళ్ళు వాచి రక్తం కారతాయి. వేవిళ్ళ వాంతుల్లోని ఆమ్లం ఎనామిల్‌ని కరిగిస్తుంది. (వాంతైన వెంటనే బ్రష్ చేయకుండా నీళ్ళు పుక్కిలించి అరగంట ఆగాలి.) అన్నిటికన్నా పెద్ద కారణం, "కడుపుతో ఉండగా పళ్ళ జోలికి పోకూడదు" అని పెద్దవాళ్ళు వాయిదా వేయించడం. నిజానికి వైద్యం చేయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అందుకు మరీ అనువైన సమయం.

పళ్ళ ఆరోగ్యం సంగతి ఇలా ఉంటే, పళ్ళ అందం సంగతి వేరు. దాన్ని మాత్రం అందరూ పట్టించుకుంటారు. సంతలో ఎద్దుని కొనేటప్పుడు మూతి పట్టుకుని పళ్ళు లెక్కపెడతారు, వయసు తెలియడానికి. పెళ్ళిచూపుల్లో మూతి పట్టుకోరు గానీ, "ఓ మాట మాట్లాడమ్మా" అంటారు. మా తరానికి నవ్వు నాలుగు విధాల చేటని నేర్పారు. ఇప్పుడు అదే నవ్వుకి "స్మైల్ డిజైనింగ్" అని బోర్డులు వేలాడుతున్నాయి, నిశ్చితార్థానికి ముందే పళ్ళు తెల్లబరచుకోమంటున్నాయి. ఎనామిల్ కింద ఉండే పొర సహజంగా లేత పసుపు రంగుది, కాబట్టి కాస్త పసుపు ఛాయ ఉన్న పళ్ళు చక్కగా ఆరోగ్యంగా ఉండొచ్చన్న మాట ఆ బోర్డుల మీద ఉండదు.

నాతో పనిచేసిన ఒకావిడది నల్లగొండ జిల్లా. జోకు వేసినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే నవ్వేది. పళ్ళ మీద గోధుమరంగు చారలు. తను తాగి పెరిగిన బోరునీళ్ళలోని ఫ్లోరైడు రాసిన రాత అది. చిగురు కింద పళ్ళు తయారయ్యే చిన్నతనంలోనే ఆ మచ్చలు పడతాయి, తర్వాత ఎంత తోమినా పోవు. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ని మొదట 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. పటిక, సున్నంతో నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అనే పేరే ఉంది. ఇంత తెలిసి ఇన్నేళ్ళయినా, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు "అమ్మాయికి పళ్ళు తోముకునే అలవాటు లేదా?" అని అడిగారట. నీళ్ళ తప్పు పిల్ల బద్ధకమైపోయింది. అవే నీళ్ళు తాగి, అవే చారలున్న వాళ్ళ అన్నయ్య పళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అని ఒక అలవాటుంది. చుట్ట ముట్టించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు బిగించి తాగడం. తాగేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. చేతుల్లో పని ఆపక్కర్లేదు, గాలికి ఆరిపోదు. ఆ వేడికీ పొగకీ అంగిట్లో తెల్లమచ్చలు, పుళ్ళు, కొందరికి క్యాన్సరు. ఈ ప్రాంతంలో పదివేల పైచిలుకు గ్రామస్థుల అంగిళ్ళు పరీక్షించి రాసిన ఒక అధ్యయనం 1971లోనే అచ్చయింది. మూసిన నోట్లో నిప్పు అనే మాట కవిత్వంలో అయితే చప్పట్లు కొడతాం. అది నిజంగా జరిగే చోట ఎవరో ఒకరు దగ్గర కూర్చుని, "అమ్మా, ఒక్కసారి నోరు తెరువు" అని లైటు వేసి చూడాలి. మొదట్లోనే చూస్తే ప్రాణం దక్కుతుంది.

ఆ చూసే చేతులు ఆడవాళ్ళవి కావడానికి కూడా చాలా కాలం పట్టింది. అమెరికాలో లూసీ హాబ్స్‌ని ఆడదానివని ఒహాయో దంతవైద్య కళాశాల మొదట చేర్చుకోలేదు. విడిగా నేర్చుకుని, సొంతంగా ప్రాక్టీసు పెట్టి, చివరికి 1866లో అక్కడే పట్టా పుచ్చుకుంది. పెళ్ళయ్యాక భర్తకి కూడా దంతవైద్యం ఆవిడే నేర్పింది! కలకత్తాలో చదివిన ఫాతిమా జిన్నా 1923లో బొంబాయిలో పళ్ళ క్లినిక్ తెరిచింది. అందరి నోళ్ళూ తెరిపించిన ఆవిడ తర్వాత తన నోరూ తెరిచి, 1965 అధ్యక్ష ఎన్నికల్లో అయూబ్ ఖాన్‌కే ఎదురు నిలబడింది. ఇవాళ మన డెంటల్ కాలేజీల్లో ఏ క్లాసు చూసినా ఆడపిల్లలే. సంబంధాల వాళ్ళు కూడా సంతోషిస్తున్నారు, "డాక్టరే గానీ రాత్రి డ్యూటీలుండవు, వంటకి ఇబ్బంది లేదు" అని. మా డాక్టరమ్మకీ అదే మాట చెప్పి సంబంధం కుదిర్చారట. "మరి నువ్వు పళ్ళు నూరట్లేదా?" అనడిగాను. "నాకూ ఉంది ఆంటీ తొడుగు" అంది.

ఈసారి ఇంట్లో అందరూ కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు ఒక లెక్క తీయండి. ఎవరి పళ్ళు కట్టించినవి, ఎవరివి పీకించినవి? వడ్డించే మనిషి ఏ పక్కన నములుతోంది? ఒక్క పక్కనే నములుతుంటే, రెండో పక్క ఏమైందో అడగండి. "ఏం లేదు, అదే తగ్గిపోతుంది" అంటుంది. నమ్మకండి. ఆ మనిషి మీరే అయితే, పప్పు ఇంకొకరిని చూసుకోమని చెప్పి, నాలుగుసార్లు తిరగాల్సి వచ్చినా సరే, ఆ పన్ను నిలబెట్టించుకోండి.