ఒకే గీత... మూడు వాతావరణాలు!

దేశపటం తీసుకుని హైదరాబాద్ తూర్పు అంచున, నాచారం పక్కనున్న మల్లాపూర్ దగ్గర ఓ చుక్క పెట్టండి. ఆ చుక్క మీదుగా అడ్డంగా ఓ గీత గీయండి. పడమటి కొసన మహారాష్ట్రలోని కోయనానగర్ తగులుతుంది. తూర్పున గీతకు కాస్త పైగా విశాఖపట్నం కనిపిస్తుంది. మూడింటిదీ దాదాపు ఒకే అక్షాంశం... పదిహేడున్నర డిగ్రీలు. సూర్యుడు మూడు ఊళ్లనూ ఒకేలా చూస్తాడు. వాతావరణం మాత్రం ఎక్కడిదక్కడే!

కొండకే సగం వాన
జూన్‌లో అరేబియా సముద్రం నుంచి బయల్దేరే నైరుతి మేఘాలకు మొదట ఎదురయ్యేది సహ్యాద్రి కొండలు. వాటిని ఎక్కుతూ చల్లబడి మేఘాలు అక్కడే కురిసేస్తాయి. అందుకే కోయనానగర్‌లో ఏటా నాలుగైదు వందల సెంటీమీటర్ల వాన పడుతుంది. కొండ దిగేసరికి గాలిలో తడి తగ్గిపోతుంది. హైదరాబాద్‌కు దక్కేది సుమారు 80 సెంటీమీటర్లే. విశాఖకు వంద పైచిలుకు. అక్కడ నైరుతి పోయాక కూడా అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాలు తడుపుతాయి మరి!

ఎండలోనూ తేడా ఉంది. మే నెలలో విశాఖ పగటి వేడి హైదరాబాద్ కంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువే. అయితే అక్కడ ఉక్కపోత ప్రాణం తీస్తుంది. హైదరాబాద్‌ది పొడి ఎండ. పొద్దు వాలితే గాలి చల్లబడుతుంది. ఇది దక్కన్ పీఠభూమి పెట్టిన భిక్ష. ఉప్పల్, మల్లాపూర్ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అదే రెండొందల మీటర్ల ఎత్తు కూడా లేని రామగుండంలో మే నెలలో 43 డిగ్రీలు మామూలే.

రాయి చదివేవాళ్లూ ఇక్కడే
విశేషమేమిటంటే... ఈ నేల గుట్టు విప్పే సంస్థలు మల్లాపూర్‌కు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. దేశపటాలు తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డులోనే ఉంది. మెట్రో ఎక్కేవాళ్లకు ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌గా పరిచయమే. 1967 డిసెంబరులో కోయనాలో వచ్చిన భూకంపం గురించి ఇక్కడి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు. గీతకు ఆ కొసనున్న ఊరికీ ఈ రోడ్డుకూ అలా చుట్టరికం కుదిరింది.

చెరువులెందుకు తవ్వారంటే...
హైదరాబాద్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. ఆ రాయి నీటిని త్వరగా ఇంకనివ్వదు. పడేదే తక్కువ, అదీ నాలుగు నెలల్లోనే. అందుకే పెద్దలు పల్లం చూసి కట్టలు కట్టారు. పైచెరువు అలుగు పారితే కిందిచెరువు నిండేలా గొలుసుగా ఏర్పాటు చేశారు. ఆఖరున మిగిలిన నీరు మూసీకి చేరేది. నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు ఆ కాలపు ఆనవాళ్లే.

తర్వాత పారిశ్రామికవాడలు వచ్చాయి. బిహార్, ఒడిశాల నుంచి కార్మికులొచ్చారు. కాలనీలు పెరిగాయి. నీళ్లు నడిచే దారులు ఇరుకైపోయాయి. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం నేరుగా ఇటే వచ్చింది. ఉప్పల్‌కు అవతలున్న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. ఏడాది వానలో ఐదింట రెండు వంతులు ఒక్క రోజులోనే! రామంతాపూర్, హబ్సిగూడల్లో కాలనీలు చెరువులయ్యాయి.

పడమటి కొండను జరపలేం, తూర్పు సముద్రాన్ని ఆపలేం. ఈ ఊరి చేతిలో ఉన్నది మధ్యలోని చెరువే. కోయనా నది కరాడ్ దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ నీళ్ల కోసం హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైగా పైపులు వేసుకుంది. గుమ్మం ముందు పడ్డ వానను నిలుపుకోవడానికి మాత్రం అంత దూరం వెళ్లక్కర్లేదు. ఉన్న కట్టను కాపాడుకుంటే చాలు!