అందరికీ ఒకటే ఫోన్ నంబరు

పొద్దున్నే ఆఫీసులో కొత్త కుర్రాడు లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అన్నా, కస్టమర్లందరికీ ఒకే నంబర్ పడిందేంటి?" కాలమ్ పొడుగునా 2147483647. నవ్వాగలేదు.

మన మొబైల్ నంబర్లన్నీ 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కదా. అంటే అన్నీ ఆరొందల కోట్ల పైమాటే. వీడు పెట్టిన 32 బిట్ల గడిలో పట్టేదేమో 214 కోట్ల చిల్లర. సోలలో కుంచెడు పోశాడు. పొర్లినవన్నీ అంచు దగ్గరే ఆగిపోయాయి.

కానీ ఆ అంచు మామూలు సంఖ్య కాదండోయ్. రెండుని 31 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వస్తుంది. బైనరీలో రాస్తే వరసగా 31 ఒకట్లు. పైగా ప్రధాన సంఖ్య, మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో ఎనిమిదోది. ఆ సంగతి 1772లో తేల్చింది ఆయిలర్, అప్పటికే చూపు దాదాపు పోయిన మనిషి. దీనికి కారణాంకమంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. ఆ జల్లెడ పట్టి, 46,340 దాకా మిగిలినవి చూస్తే చాలు. నాకైతే కాలిక్యులేటర్ ఉన్నా ఓపిక లేదు.

1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత సిస్టమ్స్ కూడా 2038 జనవరి 19 ఉదయం మన టైము 8:44:07కి ఈ గోడకే గుద్దుకుంటాయి.

కుర్రాడు కాలమ్ మార్చాడు. పోయిన నంబర్ల కోసం పాత ఎక్సెల్ ఫైలు వెతుకుతున్నాం.