మన బొగ్గు మలిచిన ఇంజను

మైపాడుకు రైలు లేదు. నెల్లూరులో దిగి, ఇందుకూరుపేట మీదుగా బస్సులోనో ఆటోలోనో వెళితే వచ్చే సముద్రతీరం అది. కూత కూడా వినపడని ఈ ఊరికీ, ఒకప్పుడు గూడ్సు బండ్లను లాగిన బొగ్గింజన్లకూ సంబంధం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సంబంధం ఒడ్డునే నిలబడి ఉంది... సరుగుడు తోపు!

సరుగుడు ఈ ఇసుకలో దానంతటది మొలిచిన చెట్టు కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధాని ప్రభుత్వం తీరం పొడవునా దీన్ని నాటించింది. వంటచెరకు కావాలి. ఇళ్ళ పొయ్యిలకే కాదు, రైలింజన్ల పొయ్యిలకు కూడా. 1856 జులైలో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. అప్పట్లో మంచి బొగ్గు కావాలంటే ఇంగ్లండు నుంచి ఓడలో రావాలి. ఆ ఖరీదు భరించలేక చాలా ఏళ్ళు ఇక్కడి ఇంజన్లు కట్టెలతోనే నడిచాయి. మైపాడుకు పడమరగా సాగే బకింగ్‌హాం కాలువ మీద కట్టె, ఉప్పు, ధాన్యం పడవల్లో చెన్నపట్నం చేరేవి. 1899లో బెజవాడ-మద్రాసు పెద్ద లైను పూర్తయ్యాక ఆ బరువంతా మెల్లమెల్లగా పట్టాల మీదికి మారింది.

బరువు పెరిగింది. మరి కట్టెతో లాగడం ఎలా? కట్టె ఇచ్చే వేడి బొగ్గు వేడిలో సగం. పైగా పొగగొట్టంలోంచి నిప్పురవ్వలు లేస్తాయి. అప్పటికే మన బొగ్గు బయటపడి ఉంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరలు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. దోర్నకల్ నుంచి రైలు మార్గం గనుల దాకా వెళ్ళింది. సింగరేణి బొగ్గు చేతికి అందింది. ఇక దిగులు లేదనుకున్నారు. కానీ చిక్కు అక్కడే వచ్చింది.

ఇంజన్లు ఇంగ్లండులో, స్కాట్లండులో తయారయ్యేవి. అక్కడి బొగ్గు పెద్దగా బూడిద మిగల్చదు. మన బొగ్గు నిండా బూడిదే. కరిగి గట్టిపడిన చిట్టెం పొయ్యి కింది జల్లెడకు అతుక్కుని గాలి ఆడనివ్వదు. గాలి ఆడకపోతే మంట లేదు, మంట లేకపోతే ఆవిరి లేదు. మంచి బియ్యం కోసం చేసిన గిన్నెలో నూకలు వండినట్టయింది.

అప్పటికి ఒక్కో రైల్వే కంపెనీది ఒక్కో రకం ఇంజను. ఒకదాని విడిభాగం మరొకదానికి సరిపోదు. అందుకని 20వ శతాబ్దం మొదటి దశకంలో బ్రిటన్‌లోని ప్రమాణాల సంఘం భారతదేశపు పెద్ద లైనుకు కొన్ని నమూనాలు ఖాయం చేసింది. వాటిలో బరువు బండ్ల కోసం చేసిన దాని పేరు 'హెవీ గూడ్స్'. పొడి అక్షరాల్లో హెచ్‌జి. ముందు ఒక జత చిన్న చక్రాలు, వెనుక నాలుగు జతల పెద్ద చక్రాలు. పెద్ద చక్రాలంటే నిజంగా పెద్దవేం కావు, నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలే. అదే తరం ప్యాసింజరు ఇంజను చక్రం ఆరడుగులు దాటుతుంది. పెద్ద చక్రం పరుగుకు, చిన్న చక్రం లాగుడుకు. ఇంజను బరువులో ఎక్కువ భాగం ఆ ఎనిమిది చక్రాల మీద పడుతుంది కాబట్టి అవి పట్టా మీద జారకుండా పట్టు బిగిస్తాయి.

తర్వాత పదేళ్ళకే దీన్ని విప్పి మళ్ళీ కట్టే పని మొదలైంది. ఎందుకంటే బాయిలర్‌లో పుట్టిన ఆవిరి నేరుగా సిలిండరులోకి వెళ్ళగానే కొంత మళ్ళీ నీరైపోతుంది. అన్నం గిన్నె మూత తీస్తే లోపల బొట్లు కనిపిస్తాయే, అదే సంగతి. ఆ నీరు పిస్టన్‌ను నెట్టదు. కాల్చిన బొగ్గు దండగ. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ష్మిట్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఆవిరిని సన్నటి గొట్టాల్లో మరోసారి వేడిపొగల మధ్యకు పంపి, ఎండబెట్టినట్టు పొడి చేసి, అప్పుడు సిలిండరుకు వదలడం. బొగ్గు దాదాపు అయిదో వంతు మిగిలింది, నీళ్ళూ ఆదా అయ్యాయి. అలా మార్చిన ఇంజన్ల పేరు చివర 'సూపర్ హీటెడ్' అని చెప్పేందుకు ఒక ఎస్ చేరి హెచ్‌జిఎస్ అయింది.

ఒక్క అక్షరమే! కానీ దాని వెనుక వర్క్‌షాపులో ఎంత పని ఉంది... బాయిలర్‌లోని గొట్టాల అమరిక మార్చాలి. పొడి ఆవిరి వేడికి నూనె మాడిపోయి పాత పలక వాల్వులు అరిగిపోతాయి కాబట్టి వాటి చోట పిస్టన్ వాల్వులు పెట్టాలి. అవి పట్టాలంటే సిలిండర్లే కొత్తవి పోతపోయాలి. మద్రాసు వైపు ఇంజన్లకు పెద్దాసుపత్రి పెరంబూరు, ఉత్తరాదిన జమాల్‌పూర్. నమూనా గీసిన దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఇనుమును కొలిచి, చెక్కి, అతికించిన మనవాళ్ళ పేర్లు మస్టర్ రోల్‌తోనే పోయాయి. ఆ పనితనం మాత్రం పోలేదు. 1855లో తయారైన ఈఐఆర్-21 అనే ముసలి ఇంజను 2010లో మళ్ళీ ఆవిరి పోసుకుని నడిచింది పెరంబూరులోనే.

ఆవిరి పొడిబారింది సరే, బూడిద సమస్య తీరిందా? లేదు. హెచ్‌జి పొయ్యి చక్రాల మధ్య ఇరుకులో ఇమిడి ఉంటుంది. దాని జల్లెడ 32 చదరపు అడుగులే. పెళ్ళి వంట ఇంటి పొయ్యి మీద కాదు, గాడిపొయ్యి మీద చేస్తారు కదా! నాసి బొగ్గుకు కావలసింది అదే. 1920లలో కొత్త ప్రమాణాలు రాసినప్పుడు ఈ సంగతి ఒప్పుకున్నారు. వెనుక మరో జత చిన్న చక్రాలు చేర్చి, పొయ్యిని పెద్ద చక్రాల వెనక్కి జరిపి, వెడల్పు చేశారు. అదే ఎక్స్‌డి రకం. జల్లెడ 45 చదరపు అడుగులు. సింగరేణి బొగ్గుకు పొరుగునే ఉన్న దోర్నకల్‌లో ఈ ఎక్స్‌డిలు 1970లలోనూ పని చేస్తూనే ఉన్నాయి. దీని తోబుట్టువైన ప్యాసింజరు రకం ఎక్స్‌బి మాత్రం పట్టా మీద ఊగిపోయేది. 1937 జులైలో బీహార్‌లోని బిహ్‌టా దగ్గర ఆ రకం ఇంజను లాగుతున్న రైలు పడిపోయి వంద మందికి పైగా చనిపోయారు. సరిగా నడిపి చూడకుండానే పెద్ద సంఖ్యలో కొనేసిన తొందరకు పడిన శిక్ష అది.

స్వాతంత్ర్యం వచ్చాక పుట్టిన డబ్ల్యూజి ఈ అనుభవాలన్నిటి సారం. 1950లో చిత్తరంజన్‌లో తయారైన తొలి ఇంజను 'దేశబంధు' ఈ రకమే. 1970 వరకు మొత్తం 2,450 వచ్చాయి.

పొయ్యి వెడల్పయిందంటే ఆ మేరకు ఎవరో ఒకరు ఎక్కువ బొగ్గు వెయ్యాలి. పార పట్టేది ఫైర్‌మన్. నెల్లూరు జిల్లాలో ఆ మనుషుల ఊరు బిట్రగుంట. లోకో షెడ్డు, రైల్వే క్వార్టర్లు... ఊరంతా ఆవిరి చుట్టూ కట్టుకున్నదే. ఎండాకాలం గూడ్సు ఇంజను మీద ముందు కొలిమి, వెనుక వడగాలి. మంట రంగు చూసి పార ఎక్కడ విసరాలో ఫైర్‌మన్‌కు తెలియాలి. మూలల్లో మందంగా, నడుమ పల్చగా. ఒకచోట కుప్పపడితే అక్కడ చిట్టెం కడుతుంది. ఎదురుగా ఎగువ ఉంటే ముందే గ్రహించి ఆవిరి సిద్ధం చెయ్యాలి. నీళ్ళలోనూ జాగ్రత్తే. సముద్రం పక్కనే ఉన్నా ఉప్పుజల బాయిలర్‌కు పనికిరాదు, నురగ కట్టి సిలిండరులోకి పొంగుతుంది. మంచినీళ్ళు వాడినా లోపల పొలుసు కడుతుంది. షెడ్డులో బాయిలర్ చల్లార్చి కడగాల్సిందే. ఈ విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. పెద్ద ఫైర్‌మన్ పక్కన చిన్న ఫైర్‌మన్ నిలబడి నేర్చుకోవాల్సిందే.

1980 ప్రాంతంలో విజయవాడ-మద్రాసు మార్గంలోకి కరెంటు తీగలు వచ్చాయి. ప్రయాణికులకు మేలే జరిగింది, కంట్లో నలకలు తప్పాయి. 1995 డిసెంబరుతో దేశంలో పెద్ద లైను మీద మామూలు సర్వీసుల్లో ఆవిరి ఇంజను కథ ముగిసింది. మంట చూసి ఆవిరి చెప్పగల చేతులకు మాత్రం ఆ నైపుణ్యంతో చేసే పని మిగల్లేదు.

బొగ్గు మంట ఆరలేదు సుమా! మైపాడుకు దక్షిణాన కృష్ణపట్నం దగ్గర నేలటూరు విద్యుత్ కేంద్రంలో అది కాలుతూనే ఉంది. పొయ్యి చక్రాల మీంచి దిగి నేల మీద స్థిరపడిందంతే. బిట్రగుంట నుంచి చెన్నైకి రైలు వెళుతోంది. ఖాళీ పడిన రైల్వే స్థలాల్లో మళ్ళీ ఏదో ఒక వర్క్‌షాపు పెట్టమని ఆ ఊరు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది.