సిగరెట్టు ఎందుకు కాల్చావురా?

మనం కాలిస్తే స్ట్రెస్సు, పదిహేడేళ్ళవాడు కాలిస్తే చెడు సావాసం! రిలీజ్ ముందు రాత్రి ఆఫీసు కింద టీ బండి దగ్గర ఎంతమంది నిలబడతారో, ఎందుకు నిలబడతారో మనకి తెలియనిదా..

మా పిన్ని కొడుకు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ, రెసిడెన్షియల్ కాలేజీ. పోయిన నెల హాస్టల్ బాత్రూంలో సిగరెట్టుతో దొరికాడు. బాబాయిని పిలిపించారు, ఫైన్ కట్టించుకున్నారు, వాణ్ణి కింద సెక్షన్‌కి దించారు. ఇంటికొచ్చాక దేవుడి పటం ముందు ఒట్టు. అంతే, కేసు క్లోజ్.

వాడు మూడు నెలలుగా సరిగ్గా నిద్రపోవట్లేదు, అన్నం సగంలో వదిలేస్తున్నాడు. ఆ సంగతి ఒక్కరూ అడగలేదు. ఎందుకు కాల్చావురా అని నేనడిగితే, "ఆ అయిదు నిమిషాలూ మార్కులు గుర్తురావు అన్నయ్యా" అన్నాడు.

ఈ మాటకి నాకు విన్సెంట్ ఫెలిట్టి గుర్తొచ్చారు. 1980ల్లో అమెరికాలో, శాన్ డియాగోలో ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపిన డాక్టరు. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేస్తుంటే, ఎందుకని కూర్చుని అడిగారు. చాలామంది చిన్నప్పుడు హింసకి గురైనవాళ్ళని తేలింది. మనం జబ్బనుకునే అతి తిండి వాళ్ళకి మందన్నమాట! తర్వాత రాబర్ట్ ఆండా తదితరులతో కలిసి, 9,508 మంది పెద్దవాళ్ళ జవాబులతో 1998లో ఒక పేపరు వేశారు. బాల్యంలో నాలుగు రకాలకి తగ్గకుండా కష్టాలు (ఇంట్లో కొట్టడం, తాగుడు లాంటివి) చూసినవాళ్ళకి, ఏవీ చూడనివాళ్ళకన్నా పొగతాగే ముప్పు 2 నుంచి 4 రెట్లు, తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువట.

మావాడి ఇంట్లో అలాంటివేం లేవు. పైగా అది లెక్కల్లో కనబడ్డ సంబంధం, అదే కారణమని రుజువు కాదు. కానీ డాక్టరుగారు అడిగిన ప్రశ్న మాత్రం ఇక్కడా పనికొస్తుంది కదా.. ఇది వాడికి దేనికి ఉపయోగపడుతోంది? అది తెలుసుకోకుండా ఒట్టు వేయించుకోవడమంటే లాగ్ ఫైల్లో ఎర్రర్ లైను చెరిపేసి బగ్ ఫిక్స్ అయిందనడమే. అలాగని సిగరెట్టు మంచి మందేం కాదు. నికోటిన్ దిగిపోతే చిరాకు, ఆ చిరాకు పోవడానికి ఇంకోటి.. ఇన్ఫినిట్ లూప్.

బాబాయికి టెలి మానస్ నంబరు ఇచ్చాను, 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. "అంటే మావాడికి పిచ్చంటావా?" అని రెండ్రోజులు నాతో మాటల్లేవు. పిన్ని మాత్రం నంబరు రాసుకుంది. మొన్న ఫోన్ కూడా చేసిందట, వచ్చే వారం వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది. బాబాయికి ఇంకా చెప్పలేదు.