సీలేరు కొండలలో కర్రసాము

నర్సీపట్నము విడిచి లంబసింగి ఘాటు నెక్కినంతనే చలి మొదలయ్యెను. పిమ్మట చింతపల్లి వచ్చినది. 1922 ఆగస్టు 22వ తేదీని అల్లూరి సీతారామరాజు మన్యపు వీరులతో వచ్చి ఠాణాలోని తుపాకులను గొనిపోయిన ఊ రిదియే. గూడెము కొత్తవీధి దాటినపిదప దారికి ఇరువైపులను కాఫీతోటలు, వాని నీడమ్రాకులను పెనవేసికొన్న మిరియపుతీగెలు. ఎగువను మాచ్‌ఖండ్ అనిపించుకొను ఏరే దిగువను సీలేరై, శబరిలో గలిసి గోదావరిని జేరుచున్నది. శబరి పేరు విన్నంతనే రేగుపండ్లు జ్ఞప్తికి వచ్చుట మావంటివారికి సహజమే గదా!

సీలేరు చేరువ పల్లెలో మావారి మిత్రు లొకరు ఉపాధ్యాయులు. బడిపండుగకు బాలురచే కర్రసాము చేయింపనెంచి, దానికి తగిన పాట నేర్పరచు భారమును మాపై బెట్టిరి. నాలుగు ప్రబంధములు చదివినందుకు గలిగిన గౌరవ మిది! వీరరసమునకు వేగమే ప్రాణమని తలచి, సెల్‌ఫోనులోని యొక సినిమాపాటను మేమే యెన్నుకొంటిమి.

ముందునాటి సాయంకాలము పరీక్షించి చూచితిమి. పల్లవి యున్నంతసేపు బాగుగనే యుండెను. చరణమున పాట ఉరికెను. బాలురును దానివెంట ఉరికిరి. ఒకడు కర్ర నడ్డుపెట్టుటలో క్షణ మాలసించెను. ఎదుటివాని దెబ్బ వాని వ్రేళ్లపై బడెను. లౌడుస్పీకరు మాత్రము పాడుచునే యుండెను. తల్లి పరుగున వచ్చి, వాచిన చేతిని పట్టుకొని, మావంక జూచి యేమియు ననలేదు. అనియున్నను బాగుండెడిది. రంగముపై ఆయుధము నిజముగా దగులరాదనియు, రక్తము కారరాదనియు భరతుడు నాట్యశాస్త్రమున విధించియే యున్నాడు. చదివియు మరచితిమి.

అచ్చట డప్పుతో గూర్చున్న తాత యొకడు, “అమ్మా, ఆ పెట్టెకు కళ్లు నేవు గదా! కుర్రోడు తడబడితే అదేటి సేస్తాది?” అనెను.

అతడు డప్పును మంటకు గాచి, తోలు బిగిసినదో లేదో వ్రేలితో కొట్టి చూచెను. కుడిచేత లావుపుల్ల, ఎడమచేత సన్నపుపుల్ల. చూపంతయు బాలుర పాదములమీదనే. వారు నేలకు మ్రొక్కునపుడు దరువు మెల్లగ నడచెను; కర్ర తిరుగ నారంభింపగనే రెట్టించెను; దెబ్బ పడుచోట లావుపుల్ల యొక్కటియే మ్రోగెను. చిన్నవా డొకడు వెనుకబడగా, దరువును నెమ్మదింపజేసి వానికొరకు వేచియుండెను. పాట కర్రను నడుపునని మే మనుకొంటిమి. ఇచ్చట కర్రయే డప్పును నడుపుచున్నది!

అరకు ప్రాంతపు థింసాకు మోరి, కిరిడి, తుడుము, డప్పు వాయింతురు. అందు పులివాతబడక తప్పించుకొను విధమును చూపు భాగ్ థింసా యొకటి కలదు. పులియు పాట ముగియువరకు ఆగదు గదా!

మరునాటి పండుగలో మా పాట వినబడలేదు. గుడ్డకట్టుతో ఆ బాలుడు తాత ప్రక్కన గూర్చుండి, బాగుగనున్న చేతితో మోకాలిపై దరువు వేయుచుండెను. మేము జంకుచు నిలిచియుండగా వాని తల్లి కొంచెము జరిగి, చాపపై మాకు చోటిచ్చెను.