తెరమీది వంటయిల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని మరల దిద్దుకొనుట యందును అంతటి చిక్కే కలదని నేనీ సంవత్సరము తెలిసికొంటిని. ఇంటికి రాకయే, అంతర్జాలము ద్వారా గదులను తీర్చిదిద్దు విధము చెప్పెదమనువారికి సొమ్మిచ్చుట తగునా తగదా యని మూడు నెలలు తర్కించి, కొంత యిచ్చి, కొంత మాని, నేను నేర్చుకొన్న సంగతులను మీకు విన్నవించుచున్నాను. నావంటి గృహిణి యొక్కతెకైనను ఇవి యక్కరకు వచ్చినచో నా శ్రమ సఫలమగును.

మాది మెదకు జిల్లాలోని శివ్వంపేట. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. మా మామగారి నాటి పెంకుటింటిలో మేము నివసించుచున్నాము. వంటగది 11 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు గలది. నేలకు శాహాబాదు బండలు, మట్టిగోడలకు సున్నము. ఉన్న యొక్క కిటికీయు పొయ్యి గట్టునకు వెనుకవైపున నుండుటచే, నేను వంట చేయునపుడు నా నీడయే నా గిన్నెలో పడుచుండెడిది. పప్పుల డబ్బాలకు చోటు చాలక బియ్యపు డబ్బా పడకగదికి పోయినది. అమ్మాయి పైచదువునకై కూడబెట్టుచున్న దానిలోనుండి లక్షరూపాయలు తీయుటకు మావారు సమ్మతించిరి. "లక్ష దాటినచో అది దాని పుస్తకముల సొమ్మని తలంపుము" అని మాత్రము హెచ్చరించిరి. ఆ మాటను నేను తుదివరకు మరువలేదు.

ఆ దినములలో హైదరాబాదునందుండు మా మరిది సెలవులకు వచ్చెను. "వదినా, ఇప్పుడు డిజైనరు ఇంటికి రానక్కరలేదు. కొలతలు, ఫొటోలు పంపితే ఫోన్ల మీదనే అంతా గీసి పంపుతరు" అని చెప్పి నాకు కొన్ని చిత్రములు చూపెను. వానిని చూచి నా మనస్సు చలించినదని దాచక చెప్పుచున్నాను.

ఈ సేవలు ముఖ్యముగా రెండు తెఱగులు. మొదటి తెఱగువారు మనము పంపిన కొలతలను బట్టి గది నమూనాను గీసి యిచ్చి, దానికి రుసుము పుచ్చుకొందురు. పని చేయించుకొనుట మన వంతు. రెండవ తెఱగువారు నమూనా గీయుట మొదలు బీరువాలు చేయించి బిగించు వరకు సర్వమును తామే చేయుదురు. బెంగుళూరు కేంద్రముగా 2014లో ఆరంభమైన లివ్‌స్పేస్, హోమ్‌లేన్ అను సంస్థలు ఈ రెండవ తెఱగునకు చెందినవి. హైదరాబాదునందును ఇవి పనిచేయుచున్నవి. ఇట్టిచోట నమూనాకు ప్రత్యేకముగా రుసుము కనబడకున్నను, దాని వెల పని వెలలో కలిసియే యుండునని మనము గ్రహింపవలెను.

నేనొక సంస్థకు, పేరు చెప్పుట యనవసరము, వంటగది నమూనా మాత్రము గీయుటకై 6,000 రూపాయలు, దానిపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. 1,080, వెరసి 7,080 రూపాయలు చెల్లించితిని. "బొమ్మకు ఏడువేలా!" యని మావారు నవ్విరి. సంస్థవారు పంపిన ప్రశ్నపత్రమును నేనే నింపితిని. అందు "వంట చేయువారెందఱు?" అను ప్రశ్న కలదు. "ఒకరు" అని వ్రాసితిని. ఆ యొక్క మాటలో నేను చేసిన తప్పు నాకప్పుడు తెలియలేదు.

పది దినములకు చిత్రము వచ్చినది. ఏమని చెప్పుదును! తళతళలాడు గట్టు, తెల్లని బీరువాలు, ఎక్కడను మరకలేని నేల. మయుడు నిర్మించిన సభలో సుయోధనుడు నీరనుకొని వస్త్రము నెత్తిపట్టుకొన్న కథ మనకందఱకు తెలిసినదే. నేనును ఆ తెరమీది వెలుగును చూచి మోసపోయితిని. ఇంటిల్లిపాదికి చూపితిని. అత్తగారు కండ్లద్దములు పెట్టుకొని నిదానముగా చూచి, "మంచిగున్నది బిడ్డా. మరి నేనేడ కూసుండాలె?" అని యడిగిరి.

ఆ ప్రశ్నలో నిష్ఠూరము లేదు. నిజముగా తెలియకయే యడిగిరి. పెరటి వాకిలి ప్రక్క గాలి వచ్చు మూలయందు కత్తిపీట వేసికొని యామె ప్రతిదినము కూరలు తరుగుదురు; అచటనే చేటలో బియ్యమేరుదురు; అమ్మాయి బడినుండి వచ్చినంతనే వారి ప్రక్కనే చతికిలబడి ఆనాటి ముచ్చట్లు చెప్పును. చిత్రములో ఆ మూల నొక నిలువెత్తు బీరువా నిలిచియున్నది. ఇన్నేండ్లుగా నాకంటె ముందు లేచి నాతో సగము పనిచేయు మనిషిని నేను వంటచేయువారిలో లెక్కింపనైతిని! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. డిజైనరును నిందించుట యెట్లు? చెప్పని సంగతిని ఆమె యెట్లు గీయగలదు?

ఈ సందర్భమున నొక పూర్వవృత్తాంతము చెప్పవలెను. 1926లో మార్గరెతె షూట్టె లిహోట్స్కీ అను ఆస్ట్రియా దేశపు స్త్రీ ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు కొత్త యిండ్లకై యొక వంటగదిని రూపొందించెను. గృహిణి వేయు అడుగులు తగ్గునట్లు పొయ్యి, తొట్టి, అలమరలు ఎక్కడెక్కడ నుండవలెనో ఆమె లెక్కవేసెను. నేటి వంటగదుల నమూనాలకు అదియే మాతృక యందురు. ఆ నమూనా గీయుటకు ముందు తాను వంట చేసి యెఱుగనని ఆమెయే తరువాత చెప్పినది. కావున మన వంట తెలియనివారును మనకు మేలైన గదిని గీయగలరు. అయితే ఆ గది వెడల్పు రెండు మీటర్లకు లోపలే; అది యొక్క స్త్రీ పనిచేయుటకు తగినది; ఇద్దఱకు ఇఱుకని తరువాతివారు ఆక్షేపించిరి. మన యిండ్లలో వంట యొక్కతె పని కాదు. ఈ సంగతి గీయువారికి మనమే చెప్పవలెను.

మఱునాడు జాబు వ్రాసితిని. రుసుములోనే రెండుమార్లు సవరించు నియమము గలదు. డిజైనరు నాకంటె చిన్నది. ఓర్పుగా విని, పెరటి వాకిలి ప్రక్క 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల చోటును విడిచి, అత్తగారి చేతికందునట్లు క్రిందుగా నొక అర పెట్టినది. అంతేకాదు, గట్టును ప్రక్కగోడకు మార్చి, కిటికీ వెలుగు ఎడమవైపునుండి గిన్నెపై పడునట్లు చేసినది. ఇన్నేండ్లలో మా యింట నెవ్వరికిని తోచని యుపాయమది! నేనిచ్చిన రుసుము ఆ యొక్క గీతతో నాకు ముట్టినదని తలంచితిని.

పిమ్మట ఆ సంస్థవారే పనియంతయు చేసిపెట్టుటకు 3,10,000 రూపాయలగునని, నెలాఖరులోగా బయానా యిచ్చినచో తగ్గింపు కలదని పలుమార్లు ఫోను చేసిరి. నేను మా యూరి మేస్త్రీని పిలిచితిని. అతడు గుండుదారము పట్టి చూచి, ఒక గోడ ఈ కొసనుండి ఆ కొసకు మూడంగుళములు లోనికి వచ్చినదని చూపెను. నేను ఒక్కచోటనే కొలిచి పంపితిని. కర్మాగారములో కోసిన బీరువాలు తెచ్చియుండినచో సందులు మిగిలెడివి. పైగా చిత్రములో గోడకు వ్రేలాడదీసిన బరువైన బీరువాలను మట్టిగోడ మోయజాలదనియు అతడు చెప్పెను.

కావున నమూనాను మాత్రము గైకొని, పని యూరివారిచేతనే చేయించితిమి. గట్టు క్రింద కడప బండలతో అరలు కట్టించి, తలుపులు మాత్రము ప్లైవుడ్డుతో చేయించితిమి. బండకు చెదలు పట్టదు, తడికి ఉబ్బదు. గట్టు ఎత్తు చిత్రములో 34 అంగుళములు. నిలిచినపుడు మోచేతికంటె నాలుగైదంగుళములు క్రిందుగా గట్టు ఉండుట మేలందురు. నా మోచేయి 37 అంగుళముల యెత్తున నుండుటచే 32 అంగుళములు పెట్టించితిని, నడుమునొప్పి తగ్గినది. రాతిపనికి 38,000, వడ్రంగికి 27,000, విద్యుత్తు పనికి 11,500, సున్నమునకు, కూలికి 9,500, మొత్తము 86,000 రూపాయలైనది. నమూనా రుసుముతో కలిపి 93,080. మిగిలిన 6,920 రూపాయలను అమ్మాయి పుస్తకములకే మరల జమకట్టితిమి.

ఇక నా యభిప్రాయము. దంపతులిరువురును ఉద్యోగస్థులై, కొత్త ఫ్లాటు కొని, నమ్మకమైన పనివారు దొరకనివారికి సర్వమును చేయు సంస్థ యుపకరింపవచ్చును. పాత యిల్లు, వంకర గోడలు, ఊరిలో మంచి పనివారు గలవారికి నమూనా మాత్రము చాలును. గోడల రంగులకు, తెరగుడ్డలకు మాత్రమైనచో ఎవ్వరికిని రుసుమీయ పనిలేదు. మన కన్నులే చాలును.

సొమ్మిచ్చువారు కొన్ని జాగ్రత్తలు వహింపవలెను. గదిని క్రింద, నడుమ, పైన మూడుచోట్ల కొలువుడు. మూలనుండి మూలకు రెండువైపులను కొలువుడు. 11, 9 అడుగుల గదికి ఇంచుమించు 14 అడుగుల రెండున్నర అంగుళములు రావలెను. రెండును సమముగా రాకున్న గది వంకరయే. కొలతలతో కూడిన నమూనా మన చేతికిత్తురా, దానిని మన వడ్రంగికి చూపవచ్చునా యని ముందే యడుగుడు. తడి తగులు చోట ఐ.ఎస్. 710 ముద్రగల ప్లైవుడ్డు వాడెదమని వ్రాతమూలకముగా పొందుడు. సొమ్మంతయు ఒక్కసారి యీయకుడు. అమెరికాలో మాడ్సీ అను సంస్థ 2022లో తన నమూనా సేవను హఠాత్తుగా మూసివేయగా ముందే చెల్లించినవారు చిక్కులపాలైరి. మన దేశమున ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టము ననుసరించి నమోదు కలదు. ఇంటీరియరు డిజైనర్లకట్టి చట్టబద్ధమైన నమోదు లేదు. కావున వారు పూర్వము చేసిన పనులను చూచియే నమ్మవలెను. అన్యాయము జరిగినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఎవరికైనను రుసుము చెల్లించుటకు ముందు ఒక దినమంతయు మీ గదిలో కూర్చుండి, ఎవరెవరు ఎక్కడ కూర్చుందురో, ఏ వేళకేమి చేయుదురో కాగితముపై వ్రాసికొనుడు. నేనది చేయక ప్రశ్నపత్రమును నింపితిని. నేను వ్రాయని దానిని మా అత్తగారు అడిగిరి.

ఇది వ్రాయుచుండగా వారు ఆ మూలనే కూర్చుండి బెండకాయలు తరుగుచున్నారు. అమ్మాయి ప్రక్కన చేరి బడి ముచ్చట్లు చెప్పుచున్నది. కిటికీ వెలుగు ఎడమవైపునుండి నా గిన్నెపై పడుచున్నది.